గుర్రం జి5: చేతకాని ఎత్తేనా?

చెస్‌లో టూ నైట్స్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌లో (ఓపెనింగ్ అంటే ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరస) తెల్లవాళ్ళు నాలుగో ఎత్తుకే గుర్రాన్ని జి5 గడిలోకి తీసుకొస్తే, అది చేతకానివాళ్ళు ఆడే ఎత్తు అని తీసిపారేశాడు జర్మన్ ఆటగాడు సీగ్‌బర్ట్ టారాష్. అన్నది మామూలు మనిషి కాదు. న్యూరెంబర్గ్‌లో డాక్టరుగా ప్రాక్టీసు చేసుకుంటూనే 1890లలో ప్రపంచంలోని అత్యంత బలమైన ఆటగాళ్ళలో ఒకడిగా నిలిచాడు. 1908లో అప్పటి ఛాంపియన్ లాస్కర్‌తో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ ఆడాడు (ఓడిపోయాడనుకోండి, అది వేరే కథ). తర్వాతి కాలంలో సోవియట్ మాస్టర్ పనోవ్ కూడా ఇదే ఎత్తుని మొరటు ఎత్తు అన్నాడు. ఇద్దరు పెద్దవాళ్ళు అలా అనేసరికి ఆ మాట కోచ్ నుంచి కోచ్‌కి, కోచ్ నుంచి పిల్లలకి చేరి, చివరికి మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం ఆడుకునే మా బోర్డు దాకా వచ్చింది.

నేననేది దీనికి పూర్తిగా ఎదురు. మనలాంటి అమెచ్యూర్లు తప్పకుండా ఆడాల్సిన ఎత్తు ఇదే. తెల్ల పావులతో కూర్చున్నా, నల్ల పావులతో కూర్చున్నా ఈ స్థితి నుంచి పారిపోకూడదు. ఎందుకో చెప్పడానికి నేను ఆడిన ఒక ఆటని పట్టుకుంటాను. గొప్ప ఆటేమీ కాదు, కానీ ఈ వాదనకి కావలసినవన్నీ అందులో ఉన్నాయి.

చెస్ ఆడతారు గానీ ఓపెనింగుల పేర్లు పట్టించుకోని వాళ్ళ కోసం ముందు ఎత్తులు చెప్తాను (గడి పేరులో అక్షరం ఏ నుంచి హెచ్ దాకా నిలువు గీతది, అంకె ఒకటి నుంచి ఎనిమిది దాకా అడ్డు వరసది). తెలుపు ఈ4, నలుపు ఈ5. తెల్ల గుర్రం ఎఫ్3కి వచ్చి ఈ5 బంటు మీద కన్నేస్తుంది, నల్ల గుర్రం సి6కి వచ్చి దాన్ని కాస్తుంది. తెల్ల శకటు సి4కి వస్తుంది. ఇంతవరకూ మనందరం చిన్నప్పటి నుంచి ఆడేదే. ఇప్పుడు నల్లవాళ్ళు రెండో గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి ఈ4 బంటుని బెదిరిస్తే అది టూ నైట్స్. ఇక్కడ పద్ధతిగా ఉండేవాళ్ళు డి3 ఆడి బంటుని కాసుకుంటారు. మొరటువాళ్ళు గుర్రాన్ని జి5కి దూకిస్తారు.

ఎందుకు దూకించాలంటే ఎఫ్7 కోసం. ఆట మొదట్లో ఎఫ్7 బంటుని కాసేది నల్ల రాజు ఒక్కడే. సి4 శకటు, జి5 గుర్రం కలిసి దాని మీద పడితే ఇద్దరికి ఒక్కడు కాపలా. గుర్రం ఎఫ్7లోకి వచ్చిందంటే మంత్రినీ ఏనుగునీ ఒకేసారి పట్టుకుంటుంది. నల్లవాళ్ళకి తక్షణం ఏదో ఒకటి చెయ్యక తప్పదు. నాలుగో ఎత్తుకే ఎదుటివాడిని ఇంత ఆలోచనలో పడేసే మర్యాదస్తుల ఓపెనింగ్ ఇంకొకటి నాకు తెలీదు.

ఆ రోజు నాకు తెల్ల పావులు వచ్చాయి. ఎదురుగా రిటైరైన లెక్కల మాస్టారు. రేటింగ్ లేదు, టోర్నమెంట్లకి వెళ్ళరు, ఫోన్లో చెస్ ఆడరు. కానీ లెక్కపెట్టడం వృత్తి కాబట్టి మూడు నాలుగు ఎత్తులు ముందుకి తప్పు లేకుండా చూస్తారు. నేను గుర్రం జి5 ఆడగానే, పక్కన నిలబడి చూస్తున్న ఏడో తరగతి కుర్రాడు ఆగలేకపోయాడు.

“అంకుల్, ఓపెనింగ్‌లో ఒకే పీస్‌ని రెండుసార్లు కదపకూడదు. మా సార్ చెప్పారు.”

మాస్టారు తల ఎత్తకుండానే, “మీ సార్ చెప్పింది కరెక్టేరా. కానీ ఇప్పుడు నా ఎఫ్7 పోతోంది. దానికి మీ సార్ ఏం చెప్పారు?” అన్నారు. కుర్రాడి దగ్గర జవాబు లేదు. వాడి సార్ దగ్గర కూడా ఉంటుందని నేననుకోను.

ఆ నియమం తప్పని కాదు. ఒకే పావుని తిప్పుతూ కూర్చుంటే మిగతా పావులు ఇంట్లోనే ఉండిపోతాయి, ఎదుటివాడు మూడు పావులు బయటికి తెచ్చేసరికి మనం ఒకదాన్ని తెస్తాం. నూటికి తొంభై ఆటల్లో ఆ సలహా పనికొస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, పిల్లలకి మనం సలహా ఒక్కటే ఇస్తున్నాం, దాని వెనకున్న లెక్క ఇవ్వట్లేదు. గుర్రాన్ని రెండోసారి కదిపినందుకు నేను ఒక ఎత్తు ఖర్చుపెట్టాను, నిజమే. బదులుగా నల్లవాళ్ళు డి5 అని బంటుని అడ్డం తొయ్యాలి, నేను దాన్ని ఈ4 బంటుతో కొడతాను, ఆ బంటుని వాళ్ళు సులువుగా తిరిగి తీసుకోలేరు. ఒక ఎత్తు ఇచ్చి ఒక బంటు కొన్నాను. బేరం గిట్టిందా లేదా అన్నది బోర్డు మీద తేలుతుంది. ఒక వాక్యంతో తేలదు.

సులువుగా తిరిగి తీసుకోలేరు అన్నాను కదా. తీసుకుంటే జరిగేదే ఫ్రైడ్ లివర్ అనే దాడి. పేరు చూసి వంటల వీడియో అనుకుని వచ్చినవాళ్ళు క్షమించాలి. నల్ల గుర్రం డి5లో బంటుని కొట్టిందా, తెల్ల గుర్రం ఎఫ్7లోకి దూకి చచ్చిపోతుంది. రాజు దాన్ని చంపక తప్పదు. వెంటనే మంత్రి ఎఫ్3కి వచ్చి చెక్ చెప్తుంది, అదే ఊపులో డి5 గుర్రం మీద కూడా పడుతుంది. ఆ గుర్రాన్ని కాపాడుకోవాలంటే నల్ల రాజు ఈ6కి, అంటే బోర్డు నడిబొడ్డుకి నడిచి రావాలి. ఏడో ఎత్తుకి రాజు నడివీధిలో ఉంటాడు! ఇదేదో యూట్యూబ్ పుట్టాక కనిపెట్టింది కాదు. ఇటలీలో పొలేరియో అనే ఆయన 1610 ప్రాంతంలోనే రోమ్‌లో ఇలా ఆడి గెలిచిన ఆట మనకి మిగిలింది. గమ్మత్తేమిటంటే ఆ దాడిని నల్లవాళ్ళు సరిగ్గా ఆడితే తట్టుకోవచ్చు. సి6 గుర్రాన్ని వెనక్కి తెచ్చి కాసుకోవడం, లేదా దాన్నే బి4కి పంపడం లాంటి దారులున్నాయి. ఇంట్లో కూర్చుని ఇంజిన్ (ఎత్తులు లెక్కపెట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టుకుంటే అన్నీ కనిపిస్తాయి. బోర్డు ముందు, గడియారం నడుస్తుండగా, నడిబొడ్డున రాజుని పెట్టుకుని వాటిని వెతికి పట్టుకోవడం మాత్రం మనవల్ల కాదు.

మాస్టారు డి5 తోశారు, నేను కొట్టాను. ఆయన అటూ ఇటూ చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, సి6 గుర్రాన్ని తీసి ఏ5లో, బోర్డు అంచున పెట్టారు. “ముందు నీ శకటు సంగతి తేలుద్దామయ్యా” అన్నారు.

నా వాదనకి అసలు బలం ఈ ఎత్తు. గుర్రం అంచున ఉంటే సగం గుర్రమే అని పిల్లలకి రెండో పాఠంలోనే చెప్తారు. బోర్డు మధ్యలో ఉన్న గుర్రానికి ఎనిమిది గడులు, అంచున ఉంటే నాలుగే. అంచున గుర్రం పెట్టడం సిగ్గుచేటు అన్న మాటని కూడా టారాష్‌కే కడతారు. పైగా మాస్టారు కదిపింది అప్పటికే ఒకసారి కదిపిన గుర్రాన్ని. అంటే ఒకే ఎత్తులో రెండు నియమాలు పోయాయి. అయినా ఆ స్థితిలో నల్లవాళ్ళకి నూటయాభై ఏళ్ళ అనుభవం ఇచ్చిన అత్యంత నమ్మకమైన ఎత్తు అదే. శకటుని బెదిరించి, దాన్ని కదిపించి, ఆ దొరికిన సమయంలో తమ పావులన్నీ బయటికి తెచ్చుకోవడం. బంటు పోతే పోనీ.

అక్కడితో ఆగదు. ఇదే స్థితిలో ఏ5 బదులు బి5 అని బంటుని తోసి శకటుని బెదిరించే పద్ధతి ఇంకొకటి ఉంది. దానికి తెల్లవాళ్ళ మంచి జవాబు ఏమిటో తెలుసా? శకటుని మళ్ళీ ఎఫ్1కి, పుట్టింటికి పంపెయ్యడం. బయటికి తెచ్చిన పావుని మొదటి గడికే తిప్పి పంపడాన్ని ఏ కోచ్ మెచ్చుకుంటాడు? ఇంకా ముందుకి వెళ్తే, మాస్టారు ఆడిన దారిలోనే తొమ్మిదో ఎత్తుకి తెల్ల గుర్రాన్ని హెచ్3కి, అటు అంచుకి, లాగాలన్నది స్టైనిట్జ్ సిద్ధాంతం. మొదటి ప్రపంచ ఛాంపియన్ ఆయన. 1890-91లో రష్యన్ మాస్టర్ చిగోరిన్‌తో టెలిగ్రాఫ్ ద్వారా రెండు ఆటలు పందెం కట్టి ఆడినప్పుడు ఒకదాంట్లో ఇదే ఆడాడు, ఓడిపోయాడు. అందరూ నవ్వారు. 1963లో బాబీ ఫిషర్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక టోర్నమెంట్లో గ్రాండ్‌మాస్టర్ బిస్‌గయర్ మీద అదే హెచ్3 ఆడి గెలిచేసరికి నవ్వులు ఆగాయి.

చూడండి ఎంత విడ్డూరమో. ఒకవైపు గుర్రం ఏ5 అంచున, ఇంకోవైపు గుర్రం హెచ్3 అంచున, మధ్యలో ఎవరి రాజూ ఇంకా కాస్లింగ్ (ఒకే ఎత్తులో ఏనుగుతో పాటు కదిలి రాజు పక్కకి దాక్కోవడం) చెయ్యలేదు. పదో ఎత్తుకి ముందే పిల్లల చెస్ పాఠాల్లోని నియమాలు సగం చెత్తబుట్టలో ఉన్నాయి, అయినా ఇద్దరూ సరిగ్గానే ఆడుతున్నారు. నియమం ఎందుకు పుట్టిందో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ ఒకేచోట కనిపించే ఓపెనింగ్ ఇది. అందుకే అమెచ్యూర్లు ఆడాలంటున్నాను.

మా ఆటకి వస్తే, నేను శకటుతో బి5లో చెక్ చెప్పాను, ఆయన సి6 తోశారు, బంట్లు మార్చుకున్నాం, శకటు ఈ2కి వెనక్కి వచ్చింది. హెచ్6 అని గుర్రాన్ని తరిమారు, అది ఎఫ్3కి. ఈ4 అని మళ్ళీ తరిమారు, అది ఈ5కి. శకటుని డి6కి తెచ్చి మూడోసారి అడిగారు. నేను డి4 అని రెండు గడులు తోసి గుర్రానికి కాపు పెట్టాను. ఆయన ఈ4 బంటుతో డి3లోకి వచ్చి, రెండు గడులు దూకిన నా బంటుని దారిలోనే కొట్టేశారు. దీన్నే ఆంపసాంట్ అంటారు.

ఇక్కడ మా తాతయ్య గుర్తొచ్చారు. ఆయన ఆడిన చదరంగంలో ఈ ఎత్తే లేదు. బంటు ఎప్పుడైనా ఒక్క గడే నడుస్తుంది కాబట్టి దారిలో కొట్టే ప్రశ్నే రాదు. కాస్లింగ్ లేదు, బదులుగా రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు, అదీ అప్పటిదాకా చెక్ తగలకపోతేనే. మన ఊళ్ళలో పాతవాళ్ళు చాలామంది అలాగే ఆడేవారు. ఆ ఆటలో ఓపెనింగ్ అనే గొడవ దాదాపు లేదు. రెండు సైన్యాలూ తీరిగ్గా మోహరించుకుంటాయి, పది పదిహేను ఎత్తుల దాకా ఎవరూ ఎవర్నీ ముట్టుకోరు. నాలుగో ఎత్తుకే రాజు గుమ్మం ముందు గొడవ మొదలయ్యే టూ నైట్స్ ఆ నియమాలతో అసలు సాధ్యం కాదు.

ఓపెనింగులు అనవసరం అనేవాళ్ళు సరిగ్గా ఈ సందర్భంలోనే సుల్తాన్ ఖాన్‌ని ముందుకి తెస్తారు. పంజాబ్ నుంచి వచ్చిన మనిషి, చిన్నప్పటి నుంచీ దేశీ నియమాలతో ఆడినవాడు. తన జమీందారుతో కలిసి ఇంగ్లండ్ వెళ్ళి 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. హేస్టింగ్స్‌లో మాజీ ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకాని ఓడించాడు. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఆయనకి 2024లో, పోయిన ఇన్నేళ్ళకి, గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. “ఓపెనింగులు రాకుండానే అంతవాడయ్యాడు, మనకెందుకు?” అంటారు. మనకెందుకంటే మనం సుల్తాన్ ఖాన్ కాదు కాబట్టి! ఆయన ఓపెనింగ్‌లో చిక్కుకుపోయి, మిడిల్ గేమ్‌లో తన మేధతో బయటపడేవాడు. మనం చిక్కుకుపోతే అక్కడే ఉంటాం.

ఇంకో వాదన కొంచెం గట్టిది. మన స్థాయిలో ఆటని తేల్చేది ఓపెనింగ్ కాదు, ముప్ఫయ్యో ఎత్తులో ఎవరో ఒకరు ఏనుగుని ఊరికే ఇచ్చెయ్యడం. కాబట్టి పజిల్స్ చెయ్యండి, ఎండ్‌గేమ్ (కొన్ని పావులే మిగిలే చివరి దశ) నేర్చుకోండి, ఓపెనింగ్ ఏదైతే ఏంటి అంటారు. మొదటి భాగం ఒప్పుకుంటాను. రెండోదే కుదరదు. ఎలాంటి పొరపాట్లు చేస్తాం, ఎలాంటివి కనిపెడతాం అన్నది మనం రోజూ ఎలాంటి స్థితుల్లో కూర్చుంటున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. తెరిచిన గీతలు, ఎదురెదురుగా ఉన్న శకటులు, ఒక బంటు తేడా, గాలిలో వేలాడే రాజు: ఇవి ఉన్న ఆటలో తప్పు చేస్తే రెండు ఎత్తుల్లో దెబ్బ తగులుతుంది. ఎందుకు తగిలిందో కూడా తెలుస్తుంది. మూసుకుపోయిన స్థితిలో చేసిన తప్పుకి ఇరవై ఎత్తుల తర్వాత ఫలితం వస్తుంది. అప్పటికి ఏ తప్పుకి ఏ ఫలితమో మనకి తెలీదు.

ఈ మధ్య స్కూలు పిల్లల టోర్నమెంట్లకి వెళ్ళి చూస్తే బోర్డు తర్వాత బోర్డు లండన్ సిస్టమే. డి4, శకటు ఎఫ్4, ఈ3, సి3. ఎదుటివాడు ఏం ఆడుతున్నాడో చూడకుండానే మొదటి ఆరేడు ఎత్తులు పడిపోతాయి. లండన్ చెడ్డ ఓపెనింగ్ అనను, ప్రపంచ ఛాంపియన్లే ఆడుతున్నారు. కానీ వాళ్ళు అక్కడికి అన్నీ తెలిసి వచ్చారు. పదేళ్ళ పిల్లాడికి ఎదుటివాడి ఎత్తు చూడకుండా ఆడటం నేర్పించడం ఏ రకం చెస్? రేటింగ్ త్వరగా వస్తుందని తల్లిదండ్రుల తొందర, మెడల్ చూపించాలని అకాడమీల తొందర. గుంటూరు నుంచి హరికృష్ణ, హారిక, గుడివాడ నుంచి హంపి, వరంగల్ నుంచి అర్జున్ వచ్చాక మన దగ్గర ప్రతి వీధిలోనూ చెస్ క్లాసు ఉంది. సంతోషమే. కానీ ఆ క్లాసుల్లో చేరే వందల మందిలో గ్రాండ్‌మాస్టర్ అయ్యేది ఏ ఒక్కరో. మిగతా అందరూ మాలాగా ఆదివారం ఆటగాళ్ళే అవుతారు. వాళ్ళకి మిగిలేది ఆట మీద ఇష్టమొక్కటే. ఆ ఇష్టం ఏ ఓపెనింగ్‌లో పుడుతుందో కాస్త ఆలోచించాలి కదా.

నా వైపువాళ్ళని కూడా ఒక మాట అనాలి. గుర్రం జి5 ఆడేవాళ్ళలో ఎక్కువమంది దాన్ని ఒక ట్రాప్‌గానే వాడతారు. ‘పది ఎత్తుల్లో గెలవండి’ అనే వీడియో చూసి వస్తారు. నల్లవాళ్ళు డి5లో తిరిగి కొడితే పండగ, గుర్రం ఏ5 ఆడితే మొహం వేలాడేస్తారు. బంటు లాభం వచ్చాక ఏం చెయ్యాలో ఆ వీడియోలో లేదు మరి. అసలు ఆట మొదలయ్యేదే అక్కడ. ట్రాప్ పడలేదని డీలాపడేవాడిని చూసే టారాష్ ఆ మాట అని ఉంటే నేను కూడా ఆయన వైపే.

పన్నెండో ఎత్తుకి మా బోర్డు ఇలా ఉంది. డి3లో నా గుర్రం, ఆయన మంత్రి సి7కి వచ్చి డి6 శకటుతో కలిసి నా హెచ్2 వైపు చూస్తోంది. నాకు ఆరు బంట్లు, ఆయనకి ఐదు. రాజు వైపు మూడుకి మూడు. మంత్రి వైపు నాకు ఏ, బి, సి మూడూ కలిసి ఉన్నాయి, ఆయనకి ఏ, సి రెండే, అవీ దేనికది విడిగా. కాగితం మీద నాదే పైచేయి. కానీ నా గుర్రం అప్పటికి ఐదుసార్లు తిరిగి, దారిలో ఒక బంటుని కొట్టి డి3లో కూర్చుంది, మంత్రి వైపు పావుల్లో ఒక్కటీ కదల్లేదు. ఆయన పావులన్నీ ఊపిరి పీల్చుకుంటున్నాయి. ఒక బంటు విలువా, మూడు ఎత్తుల విలువా ఎక్కువ? చదరంగంలో ఇంతకన్నా పాత ప్రశ్న లేదు. దానికి స్టాక్‌ఫిష్ ఇంజిన్ చెప్పే జవాబు కూడా ఇంచుమించు సమం అనే.

హెచ్3 ఆడి ఆ గీత మూశాను. ఇద్దరం కాస్లింగ్ చేశాం. ఆయన శకటు ఎఫ్5కి, ఏనుగు డి8కి వచ్చాయి. నాకు ఊపిరాడలేదన్నది నిజం. కానీ ఒక చిన్న ఎత్తు చాలా పని చేసింది: బి3. దాంతో సి4 గడి మూసుకుపోయింది. ఏ5 గుర్రానికి బి3లో నా బంటు, సి4కి నా కాపలా, సి6లో సొంత బంటు. మిగిలింది బి7 ఒక్కటే. కదలని గుర్రాన్ని లెక్కలోంచి తీసేస్తే నేను ఒక్క బంటు కాదు, దాదాపు ఒక పావు ఎక్కువతో ఆడుతున్నట్టు. మాస్టారికి అది నాకన్నా ముందే అర్థమైంది. సి5, తర్వాత సి4 అని ఆ విడి బంటుని నేరుగా నా నోట్లోకి తోసి, గుర్రానికి దారి చేసుకున్నారు. బంటు కన్నా గుర్రం ముఖ్యం అనుకోవడానికి ధైర్యం కావాలి. ఆ గుర్రం సి4లోకి వచ్చి కూర్చున్నాక పావులు వరసగా మారిపోయాయి.

చివరికి ఏనుగుల ఎండ్‌గేమ్. ఒక్కొక్కరికి ఒక్కో ఏనుగు, రాజు వైపు మూడేసి బంట్లు, నాకు అదనంగా ఏ గీతలో ఒంటరి బంటు. ఓపెనింగ్‌లో సంపాదించిన ఆ ఒక్క బంటే ఇన్ని మారకాలు దాటుకుని ఇలా మిగిలింది. పక్కన కుర్రాడు నేను గెలుస్తానని తేల్చేశాడు. మాస్టారు తన ఏనుగుని తీసుకెళ్ళి నా బంటు వెనక పెట్టారు. నా ఏనుగు బంటు ముందు నిలబడాల్సి వచ్చింది. బంటు ఎంత ముందుకి జరిగితే నా ఏనుగుకి అంత తక్కువ చోటు, ఆయన ఏనుగుకి అంత ఎక్కువ. నా రాజు బంటుకి సాయంగా అటు నడిస్తే, ఇటు రాజు వైపు నా బంట్లని ఆయన ఏనుగు తినేస్తుంది. చాలాసేపు అటూ ఇటూ తిరిగి డ్రాకి ఒప్పుకున్నాం.

దాటిపోయిన బంటు (అంటే ముందు అడ్డుకునే ఎదుటి బంట్లు లేనిది) మనదైనా ఎదుటివాడిదైనా ఏనుగు దాని వెనకే ఉండాలి అన్న సూత్రం ఎవరిదనుకుంటున్నారు? టారాష్‌దే. మాస్టారికి ఆ పేరు కూడా తెలీదు, లెక్కపెట్టుకుని అక్కడికి చేరారు. టారాష్ సూత్రాల్లో ఇది బంగారం. ఎందుకు నిజమో బోర్డు మీద పావులు పెట్టి రెండు నిమిషాల్లో చూపించవచ్చు కాబట్టి. గుర్రం జి5 మీద ఆయన అన్నది సూత్రం కాదు, విసుగు.

విసుగు అని ఎందుకంటున్నానంటే, ఈ ఎత్తు చుట్టూ ఆయన చెప్పినట్టు చేతకానివాళ్ళు పోగవ్వలేదు. వృత్తి ఆటగాళ్ళు కానివాళ్ళు చాలామంది పోగయ్యారు, అది వేరే విషయం. హాన్స్ బెర్లినర్ కంప్యూటర్ శాస్త్రవేత్త. ఉత్తరాల ద్వారా ఆడే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, 1960లలో, ఈ ఓపెనింగ్‌కే పండితుడనిపించుకున్న యాకోవ్ ఎస్ట్రిన్ మీద నల్ల పావులతో బి5 ఆడి, ఎనిమిదో ఎత్తుకి మంత్రిని హెచ్4కి దూకించి గెలిచాడు. ఆ టోర్నమెంటూ ఆయనే గెలిచాడు. కారెల్ ట్రాక్స్‌లర్ అయితే చెక్ దేశపు చర్చి ఫాదర్. 1890లో ఆయన ఆడిన ఒక ఆట చూస్తే, ఎఫ్7 మీద దాడి జరుగుతుంటే అసలు కాసుకోనే కాసుకోడు. తన శకటుని సి5కి తెచ్చి, నువ్వు నా ఎఫ్7 తీసుకో, నేను నీ ఎఫ్2 తీసుకుంటా అంటాడు. తెల్లవాడు మంత్రిని కూడా చంపేశాడు. ఆ తర్వాత తెల్ల రాజు ఈ2, డి3, సి3, బి4 అంటూ ఏ5 దాకా నడుచుకుంటూ వెళ్ళి, పదిహేడో ఎత్తుకి సి5లో ఒక మామూలు బంటు చేతిలో ఆటకట్టు అయ్యాడు.

ఈ ఆట మాస్టారికి చూపించడం నేను చేసిన పని. అప్పటి నుంచి ఆయన ఏ5 మానేసి శకటు సి5 పట్టుకున్నారు. గుర్రంతో ఎఫ్7 కొడితే ఏమవుతుందో తెలుసు కాబట్టి నేను శకటుతోనే ఎఫ్7లో బంటు తీసుకుని చెక్ చెప్తున్నాను. రాజు ఈ7కి వస్తాడు, ఇక కాస్లింగ్ లేదు, నాకు బంటు లాభం, ఇంజిన్ కూడా నా వైపే. అయినా ఆయన ఏనుగుని ఎఫ్8కి తెచ్చి, తెరుచుకున్న ఎఫ్ గీత మీదుగా నా రాజు వైపు చూస్తుంటే టెన్షన్ తగ్గడం లేదు. ఆరో ఎత్తుకి శకటుని బి3కి లాగమంటోంది ఇంజిన్. నాకేమో డి5లో ఉంచి, సి6 గుర్రాన్ని కొట్టే బెదిరింపు అలాగే పెట్టుకోవాలని ఉంది. వచ్చే ఆదివారం అదే ఆడి చూస్తాను.